లోపలికొచ్చే బంతి

ఒంటి నిండా మెరిసే పూసలు అంటించుకుని కూర్చున్నాను గానీ నేను పెళ్ళికూతుర్ని కాను. భుజాల మీద, మోచేతికి అటూ ఇటూ, మణికట్టు మీద, నడుము చుట్టూ, మోకాళ్ళకీ మడమలకీ బఠాణీ గింజంత బూడిదరంగు పూసలు, రెండువైపులా అంటుకునే టేపుతో. "పీకకు అర్ఫా, కదలకుండా కూర్చో, ఏదైనా తేడా వస్తే ఇంకో బంతి వెయ్యాల్సి రావచ్చు," అని చెప్పి, ఈ పరీక్ష చేసే రాగసుధ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను వేసిన బంతుల లెక్క తేలడానికి ఓ గంట పడుతుందట. మంగళగిరిలో కొత్తగా లేచిన ఆఫీసు భవనం, పై అంతస్తులో పొడుగాటి హాలు, గోడల మీద చుట్టూ కెమెరాలు, ఒక్కోదాని కంటి చుట్టూ ఎర్రటి వెలుగు. ఏసీ చలి. చున్నీ కప్పుకుందామంటే పూసలు ఊడతాయి. మోకాళ్ళు దగ్గరికి తీసుకుందామన్నా అక్కడా పూసలే. గోడకి జారబడి నీలం చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఈ గంట అయ్యేసరికి నేను బౌలర్‌నా, బంతిని రాయిలా విసిరే దొంగనా అన్నది ఆ తెర చెప్పేస్తుంది. నాకు భయంగా ఉంది.

గొడవంతా నా కుడి మోచేతిది. నా దగ్గర రెండు బంతులున్నాయి. ఒకటి లోపలికొచ్చేది, పిచ్ మీద పడ్డాక బ్యాటర్ కాళ్ళ వైపు తిరిగేది. సత్తెనపల్లిలో మా వీధిలో నేర్చుకున్నది, నాన్న నేర్పింది. రెండోది బయటికెళ్ళేది, అదే పరుగు, అదే చెయ్యి, కానీ పడ్డాక అటువైపు జారుకుంటుంది. అది నా సొంతం. రాష్ట్రం జట్టు ఎంపిక మ్యాచ్‌లో ఆ రెండోది చూసి అంపైర్ ఫిర్యాదు రాశాడు, ఈ అమ్మాయి బౌలింగ్ చెయ్యడం లేదు, త్రో చేస్తోంది అని. ఇది తేలేదాకా మ్యాచ్‌లో నాకు బంతి ఇవ్వరు. నియమం చిన్నదే. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చినప్పటినుంచి బంతి వేళ్ళని వదిలేదాకా మోచెయ్యి పదిహేను డిగ్రీలకి మించి చాచుకోకూడదు. వంగి ఉండటం తప్పు కాదు, వంగినది ఆ కాస్త వ్యవధిలో చాచుకుంటేనే తప్పు. చిన్న నియమమే గానీ రెప్పపాటులో జరిగేదాన్ని ఎవరి కన్ను పట్టుకుంటుంది? అందుకే ఈ పూసలు. ఆ ఫిర్యాదు వచ్చినప్పటినుంచి ఎవరు చెయ్యి అన్నా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మోచెయ్యి తడుముకుంటున్నాను. అన్నం తినేటప్పుడు కూడా ముద్ద ఎత్తుతున్న చేతిని అనుమానంగా చూసుకున్నాను.

నాన్న తలుపు పక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. చెప్పులు బయటే విడిచాడు, అక్కర్లేదన్నా వినలేదు. ఇంత శుభ్రంగా ఉన్న చోట చెప్పులేసుకుని తిరిగితే కళ్ళు పోతాయన్నాడు. రాగానే రాగసుధ దగ్గర నా తరఫున వకాల్తా కూడా మొదలుపెట్టాడు. "అమ్మా, మా పిల్ల లోపలికొచ్చేది వేస్తే చూడండి, గీత గీసినట్టుంటది. అది మా ఇంటి బంతి. ఆ రెండోదే దొంగబంతి. మానెయ్యవే అంటే వినదు," అన్నాడు. రాగసుధ నవ్వి, "చూద్దాం అంకుల్," అంది. గౌస్ బాషా కూతురు ఇండియాకి ఆడుతుందని నాన్న వీధి వీధంతా చెప్పేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇప్పుడు ఆ వీధిలోకి ఏ మొహంతో వెళ్ళాలో నాకు తెలియదు, ఆయన మాత్రం భుజం మీది తుండుతో మెడ తుడుచుకుంటూ ధీమాగా కూర్చున్నాడు, ఏసీలో చెమట పట్టకపోయినా.

ఇక్కడికి రాగసుధ తెర కనిపిస్తోంది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు, అంతే. కెమెరాలకి నేను కనపడను. నా మొహం, చెంప మీది మచ్చ, జడ, నేను ఆడపిల్లనన్న సంగతి, మా ఇంటి పేరు, ఏదీ అక్కర్లేదు వాటికి. పూస మీద వెలుగు పడి వెనక్కి వస్తే చాలు. చుక్కలు ఊరికే తేలుతుంటాయి, ఏది ఎవరిదో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. జనాభా లెక్కలకి వచ్చిన టీచరమ్మ ఇంటింటి గుమ్మం దగ్గరా ఆగి పేర్లు రాసుకున్నట్టు రాగసుధ ఒక్కో చుక్క మీదా నొక్కి పేరు పెడుతోంది, కుడి భుజం, మోచెయ్యి లోపల, మోచెయ్యి బయట. నా చెయ్యి చెవి వెనక్కి వెళ్ళినప్పుడు ఒక చుక్క మాయమైపోతుంది. అప్పుడు ఆమె ఆగి, పెదవి కొరుక్కుని, "ఎక్కడికి పోయావే" అని గొణుక్కుంటుంది. ముందు ఎక్కడుంది, తర్వాత ఎక్కడ తేలింది చూసి, మధ్యలో ఏ దారిన వెళ్ళి ఉంటుందో పూరిస్తుంది. పేర్లన్నీ పెట్టాక చుక్కలకీ చుక్కలకీ మధ్య పుల్లలు మొలుస్తాయి, ఆ పుల్లల మనిషి లేచి పరుగెత్తుతుంది. అది నేనట. నాకు నేను అలా ఎప్పుడూ కనపడలేదు. ఏ బట్టా లేకపోయినా సిగ్గనిపించలేదు, ఎందుకో జాలేసింది దాని మీద.

చుక్కలు తేలుతుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. తెల్లవారకముందే లేచాం కదా. ఈ తేలడం నాకు తెలుసు, మా ఇంట్లోనే చూశాను, ముందు గదిలో గాలి నిండా ఇలాగే తెల్లగా తేలేది. దూది. కిటికీలోంచి ఎండ పడిన చోట ఒక్కో నూగూ విడివిడిగా కనపడేది, నేను మంచం కింద పడుకుని నోరు తెరిచి పట్టుకుందామని చూసేదాన్ని, అమ్మ దబ్బనంతో పరుపు కుడుతూ, "మింగావంటే కడుపులో దిండు తయారవుద్దే," అనేది. అమ్మ జానీబీ ఎప్పుడూ ఇలాంటివే చెబుతుంది, నేను చాలా రోజులు నమ్మాను. గది మధ్యలో పైనుంచి వేలాడే దూదేకే విల్లు, నాన్న ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కుడిచేతి కొయ్యతో నారిని కొట్టేవాడు. తుంగ్, తుంగ్, తుంగ్. గడ్డకట్టిన పాత దూది ఆ దెబ్బకి ఉలిక్కిపడి విడిపోయేది, మూరెడు ఎత్తున మబ్బు లేచేది. నాన్న కనుబొమలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా, వయసు రాకుండానే ముసలివాడై ఆ మబ్బులో నిలబడి ఉండేవాడు, స్నానం చేసొచ్చి మళ్ళీ కుర్రాడయ్యేవాడు. ఆ చప్పుడు లేకుండా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ విల్లు ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు లేదు. ముందు విల్లు ఉంది, తర్వాత ట్రాలీ ఆటో మీద మిషన్ ఉంది, మైకులో నాన్న గొంతే "పాత పరుపులు, దిండ్లు ఏకబడును" అని ఊరూరా అరుస్తోంది. మధ్యలో ఆ రోజు నాకు కనపడకుండా పోయింది, అక్కడ ఎవరు పూరిస్తారో.

బంతి కూడా ఆ గది గుమ్మంలోంచే వచ్చింది. మా వీధిలో మగపిల్లలు ఆడుతుంటే నన్ను ఫీల్డింగుకి మాత్రమే ఉంచేవాళ్ళు, బంతి మురిక్కాలవలో పడితే తియ్యడానికి. ఒకరోజు ఏడ్చి సాధించి ఒక ఓవర్ తీసుకున్నాను. నా బంతి బ్యాట్ దాకా వెళ్ళనే లేదు, మధ్యలో చచ్చి దొర్లింది. ఒరేయ్, బర్రె పేడేసినట్టు వేసిందిరా అని నవ్వారు. ఆ నవ్వుకి నాన్న గుమ్మంలోకి వచ్చాడు, కనుబొమల నిండా దూదితో, చేతిలో కొయ్య అలాగే ఉంది. ఆయన జన్మలో క్రికెట్ బంతి పట్టుకోలేదు. అయినా నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "భుజంతో నెడితే ఏం లేస్తదే? నారి కూడా పలకదు. ఇదిగో, మోచెయ్యి ఇట్టా దాచిపెట్టు. పైకొచ్చిందాకా దాని ఊసెత్తొద్దు. ఆఖర్న, ఠపీమని విప్పు. చూడు," అని కొయ్య గాలిలో ఆడించాడు. నేను ఆడించాను. మళ్ళీ ఆడించాడు. నా చెయ్యి పట్టుకుని ఆడించాడు, ఆయన అరచెయ్యి గరుగ్గా, వెచ్చగా, దూది వాసనేస్తూ ఉంది. తర్వాతి బంతి గాలిలో పైకి లేచి, వంపు తిరిగి కిందికి దిగి, నేల మీద పడి లోపలికి వచ్చి, వికెట్లుగా పెట్టిన రేకుడబ్బాని ఢామ్మని కొట్టింది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం లాంటిది మళ్ళీ ఇప్పటిదాకా కలగలేదు. నాన్న ఏమీ జరగనట్టు లోపలికెళ్ళి తుంగ్, తుంగ్ మొదలుపెట్టాడు.

బయటికెళ్ళేది అలా రాలేదు. దాన్ని ఎవరూ నేర్పలేదు, ఫోన్‌లో చూసి, డాబా మీద, ఎండబెట్టిన పత్తి మూటల మధ్య, గోడకేసి వేసుకుంటూ, వేళ్ళు వాచిపోయేదాకా వేసుకుంటూ పట్టుకున్నాను. మణికట్టు లోపలికి తిప్పి చిటికెనవేలి పక్కనుంచి వదలాలి, చెయ్యి కొంచెం వంగే ఉంటుంది, వంచకపోతే మణికట్టు తిరగదు. వేసిన ప్రతిసారీ ఎవరిదో సైకిల్ అడక్కుండా తీసుకెళ్ళినట్టుండేది నాకు, భయం, నవ్వు, రెండూ. అది నాన్నకి నచ్చలేదు. "వంకర చెయ్యేందే, చూడ్డానికే బాలేదు," అన్నాడు. గుంటూరు బ్రాడీపేటలో మా అకాడమీ నడిపే రామకాంత్ సార్ మాత్రం చూడగానే రెండు చేతులతో తల పట్టుకుని, "ఎక్కడ దాచావమ్మా దీన్ని," అన్నారు. అదే రామకాంత్ సార్ నిన్న ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పారు. "ఆ బంతి అక్కడ వెయ్యకు అర్ఫా. మామూలుది వేసి చూపించు, క్లీన్ అని రాస్తారు. రెండోది మర్చిపో. ఒక బంతితో కూడా బతకొచ్చు." బతకొచ్చు. రాత్రంతా ఆ మాటే ఆలోచించాను. కానీ ఇందాక రాగసుధ పూసలు అంటిస్తూ, నా మోచేతి ఎముకని వేలితో వెతుక్కుంటూ, "నువ్వు మ్యాచ్‌లో ఎలా వేస్తావో అలాగే వెయ్యి. ఇక్కడ దాస్తే నీకు నువ్వు కూడా తెలియకుండా పోతావు," అంది. ఆమె మామూలుగానే అంది. నేను రెండూ వేశాను. లోపలికొచ్చేది ఊపిరి తీసుకున్నట్టు వేశాను. బయటికెళ్ళేది, ఇదే ఆఖరిసారేమోనని, ప్రాణం పెట్టి వేశాను. హాలు చివర కట్టిన వలకి తగిలి బంతి కింద పడ్డాక ఏడుపొచ్చింది, మొహం తుడుచుకుందామంటే మణికట్టు మీద పూస.

ఏసీ హోరు పొద్దున బస్సు హోరులో కలిసిపోతోంది. నేను మళ్ళీ కిటికీ పక్కన ఉన్నాను, పేరేచర్ల దాటాం, పక్కన నాన్న. కళ్ళాల్లో మిర్చి ఎర్రగా పరిచి ఉంది, నేల కనపడకుండా. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు, చెయ్యి వెళ్తోంది వస్తోంది, వెళ్తోంది వస్తోంది, ఇప్పుడు చూస్తే వాళ్ళందరికీ మోచేతుల మీద పూసలున్నాయి, ఎండకి మెరుస్తున్నాయి. కండక్టరుకీ ఉన్నాయి, ఆయన డబ్బులు పుచ్చుకునే చెయ్యి ఒక పుల్ల, టిక్కెట్టు చింపే చెయ్యి ఒక పుల్ల. గుంటూరు మిర్చి యార్డు దగ్గర బస్సంతా ఒక్కసారే తుమ్మింది, తెల్లటి చుక్కలన్నీ ఒక్కసారే ఎగిరి మళ్ళీ సర్దుకున్నాయి. నేను దిగి ఎర్రటి కళ్ళంలో నడుస్తున్నాను, కాయలు కాళ్ళ కింద గలగలమంటున్నాయి, ఎదురుగా పుల్లల మనుషులు వస్తున్నారు, మొహాల్లేవు, అయినా నాకు ఒక్కొక్కరూ తెలుస్తున్నారు. ఎడమ తుంటి కొంచెం ముందుకేసి వస్తోంది అమ్మ. చేతులు వెనక్కి కట్టుకుని రామకాంత్ సార్. ఎవరూ పేరు పెట్టక్కర్లేదు, నడకే పేరు. నాన్న కోసం చూస్తున్నాను. నాన్న ఎక్కడా కనపడటం లేదు. వెతుకుతుంటే నా పేరు వినపడింది.

"అర్ఫా, ఇలా రా ఒకసారి." రాగసుధ కుర్చీ ఇటు తిప్పి ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, పూసలు జాగ్రత్తగా పట్టుకుని లేచి వెళ్ళాను. తలుపు దగ్గర నాన్న తల గోడకి ఆనించి కునికిపాట్లు పడుతున్నాడు. తెర మీద నా పుల్లల మనిషి, దాని కింద ఒక గీత. "ఇది నీ బయటికెళ్ళేది. ఈ గీత నీ మోచెయ్యి. చూడు, మొదట్నుంచీ వంగే ఉంది, బంతి వదిలేదాకా వంగినట్టే ఉంది. చాచుకోవట్లేదు. వంకర చూసి త్రో అనుకున్నారు అంపైర్ గారు. ఇది క్లీన్," అంది. నాకు ఆ హాలంతా పరిగెత్తాలనిపించింది. నా బంతి, నా సొంత బంతి, దొంగది కాదు. "అక్కా, మరి ఇంక..." అంటూ ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు. ఇంకో ఫైలు తెరిచింది. అదే పుల్లల మనిషి, అదే పరుగు, కింద గీత చివరిదాకా బుద్ధిగా వెళ్ళి, ఆఖర్న ఒక్కసారిగా జారుడుబల్ల మీంచి దిగినట్టు దిగిపోయింది. "ఇది లోపలికొచ్చేది. చుక్కల పేర్లు నేనే తప్పు పెట్టానేమోనని అన్నీ చెరిపేసి మళ్ళీ మొదట్నుంచీ పెట్టాను. ఒక్క బంతి కాదు, వేసిన ప్రతి బంతిలోనూ ఇంతే. బంతి వదిలే ముందు క్షణంలో విప్పేస్తున్నావు. అంత వేగంగా విప్పడంతో కంటికి నిటారుగా కనపడుతోంది. లిమిట్ బాగా దాటిపోయింది అర్ఫా. మామూలు బంతే తప్పయితే మ్యాచ్‌లో బౌలింగ్ చెయ్యనివ్వరు. చెయ్యి తిప్పే తీరు మార్చుకుని మళ్ళీ టెస్టుకి రావాలి."

ఠపీమని విప్పు. తెర ముందు నిలబడితే ఆ మాట నాకు అంత స్పష్టంగా వినపడింది. ఇన్నేళ్ళు వేసిన బంతులన్నీ, వికెట్లన్నీ, ఆ రేకుడబ్బా చప్పుడూ, అన్నిటి కింద ఆ గీత అలాగే దిగిపోతూ ఉందన్నమాట. ఏడవాలి కదా, ఆట పోయింది కదా. కానీ ముందు నాకు తోచింది ఆట కాదు. నాన్నకి ఎలా చెప్పను? మా ఇంటి బంతి అన్నాడు. గీత గీసినట్టుంటదన్నాడు. ఆయన చేతిలోంచి నా చేతిలోకి వచ్చినది అదొక్కటే, విల్లు నాకు రాదు, పరుపు ఏకడం నాకు రాదు. అబద్ధం ఒకటి అప్పటికప్పుడే సిద్ధమైపోయింది, ఎంత చక్కటి అబద్ధమో, దొంగబంతే తప్పట నాన్నా, నువ్వన్నది నిజమే అంటే చాలు, చెప్పానా లేదా అని కాసేపు తిడతాడు, బస్టాండులో ఇడ్లీ తినిపిస్తాడు, నేను మెల్లగా ఆ తీరు మార్చుకుంటే ఆయనకేం తెలుస్తుంది. "అక్కా, నాన్నతో మాత్రం రెండోదే తప్పని చెబుదాం. ప్లీజ్," అన్నాను చెవిలో. రాగసుధ నా వైపు కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

నాన్న వచ్చి నిలబడి ఉన్నాడు, చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటూ. నా మాట విన్నాడో లేదో తెలియలేదు. ఆయన చూపంతా తెర మీదే ఉంది. లోపలికొచ్చేది మళ్ళీ మళ్ళీ అదే తిరుగుతోంది, పుల్లల మనిషి వస్తుంది, చెయ్యి లేస్తుంది, ఆఖర్న విప్పుకుంటుంది, మళ్ళీ వస్తుంది. నాన్న చాలాసేపు చూశాడు. కొయ్య పట్టుకోకుండానే ఆయన కుడిచెయ్యి కొంచెం కొంచెం లేవడం మొదలైంది.

"ఇందులో నన్నెప్పుడు తీశారమ్మా?" అన్నాడు.

"మీరు కాదు అంకుల్, అర్ఫా."

"కాదమ్మా. ఇది నేను విల్లు కొడుతున్నా," అన్నాడు నాన్న, నవ్వుతూ. తర్వాత ఆ నవ్వు మెల్లగా తగ్గింది. నా వైపు తిరిగాడు. "ఇదేనా తప్పు?"

అబద్ధం నాలుక మీదే ఉంది. ఆ పుల్లల మనిషి ముందు నిలబడి అది నోట్లోంచి రాలేదు. "ఇదే నాన్నా," అన్నాను. "రెండోది మంచిదేనట." నాకు ఏడుపొచ్చేసింది, పూసల సంగతి మర్చిపోయి మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాను, ఒక పూస ఊడి నేల మీద దొర్లింది. నాన్న వంగి దాన్ని వెతికి తీసి, తుండుకి తుడిచి, వెలుగులో పెట్టి చూశాడు. "అయితే దొంగబంతి మంచిదీ, నాది దొంగదీనా. బావుందే," అన్నాడు. పూస నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆయన తుండు తీసి కుర్చీ మీద వేసి, కుడిచేతి చొక్కా గుండీ విప్పి పైకి మడవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇవి నాకు కూడా అంటించండి. దీని చేతిలో పెట్టింది నేను. తియ్యాలంటే అది ఎక్కడుందో ముందు నేను చూడొద్దా?"

రాగసుధ లేచింది. టేపు చింపింది. నా మోచేతి మీది పూసలు నేనే పీకి ఇచ్చాను, చర్మం చురుక్కుమంది. నాన్న హాలు మధ్యలో, కెమెరాలన్నిటి మధ్య, ఎర్రటి దీపాలు తన మీదే పడుతుంటే బిడియంగా నిలబడ్డాడు. రాగసుధ ఆయన మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టి ఎముక కోసం వేలితో వెతికింది.

"చెయ్యి పూర్తిగా చాచండి అంకుల్."

నాన్న చాచాడు. ఏళ్ళ తరబడి విల్లు కొట్టిన ఆ చెయ్యి మోచేతి దగ్గర ఇంకా వంగే ఉంది. ఆ చేతి మీద పడుకుని పెరిగాను నేను, ఆ వంపులో తల పెట్టుకుని నిద్రపోయాను, అది వంపని ఎప్పుడూ తెలియలేదు.

"ఇంకొంచెం, పూర్తిగా," అంది రాగసుధ.

"చాచానమ్మా. ఇంతే వస్తది," అన్నాడు నాన్న.